స్టాక్స్ మొదటిసారి విని "బాస్ ఏదీ?" అన్న కావలి తమ్ముడికి

తమ్ముడూ, మిగతావాళ్ళకీ అర్థం కావాలి కాబట్టి నువ్వు అడిగింది ముందు నాలుగు ముక్కల్లో పెడతాను. మద్రాసులో స్నేహితుడి ఇంట్లో స్టాక్స్ అనే జపాన్ కంపెనీ ఎస్‌ఆర్-ఎల్300 హెడ్‌ఫోన్, దానికి ఎస్‌ఆర్‌ఎం-252ఎస్ అనే చిన్న ఆంప్ తగిలించి కాసేపు విన్నావు. గొంతులు అద్భుతం, బాస్ మాత్రం ఎవరో పీకేసినట్టుంది అన్నావు. పాత సినిమా పాటలు ఇంట్లో వినేదానికంటే అధ్వానంగా వినపడ్డాయి. చివర్లో ఎడమ చెవిలో సౌండు తగ్గినట్టు అనుమానం వచ్చింది. ఇప్పుడు జపాన్‌లో ఉన్న మీ బావ అదే సెట్టు సెకండ్‌హ్యాండ్‌లో తెస్తానంటున్నాడు. సముద్రం పక్కన కావలిలో అది నిలబడుతుందా, 580 వోల్టులు తలకి పెట్టుకుంటే షాక్ కొట్టదా, అసలు కొనాలా వద్దా అనేది నీ ప్రశ్న.

ఒంగోల్లో ఆంప్లిఫయర్లు బాగుచేయడం నా పని. ఇలా వందల వోల్టుల ఆవేశంతో పలికే ఎలక్ట్రోస్టాటిక్ సెట్లు మన వైపు అరుదు. ఉన్న కొద్దిమందివి ఎప్పుడో ఒకప్పుడు నా బల్ల మీదికి వస్తాయి. నా దగ్గర కూడా లాంబ్డా అనే స్టాక్స్ పాత మోడల్ ఒకటి ఉంది. ఆ అనుభవంతో చెబుతున్నా. నీ చెవులు నిన్నేమీ మోసం చెయ్యలేదు. కాకపోతే నువ్వు విన్నదాంట్లో సగం ఆ హెడ్‌ఫోన్‌ది కాదు. పాటది, ఫిట్టింగ్‌ది, గదిది, నీ అలవాటుది. ఆ సగం పక్కకి తియ్యకుండా డబ్బు పెట్టొద్దు.

ముందు బాస్ సంగతి. నువ్వు ఇన్నాళ్ళూ వాడింది మూసిన కప్పుల హెడ్‌ఫోన్ అన్నావు. అలాంటి వాటిల్లో చాలామటుకు 100 హెర్ట్జ్ చుట్టుపక్కల కావాలనే ఎత్తి పెడతారు. దానికి తోడు బస్సుల్లో స్పీకర్లు, పెళ్ళిళ్ళ డీజే బాక్సులు, తిరనాళ్ళలో ప్రభల ముందు మోత. గొడ్డుకారానికి అలవాటుపడ్డ నోటికి మామూలు కూర చప్పగానే ఉంటుంది మరి. ఎల్300లో బాస్ లేకపోలేదు, ఎత్తిపెట్టిన గుట్ట లేదు. చెవి మీద గుద్దినట్టు ఉండే ఆ దెబ్బ దీంట్లో నిజంగానే తక్కువ. ఎందుకంటే సౌండు పుట్టించే పొర కదలడానికి ఉన్న చోటే అటూ ఇటూ అర మిల్లీమీటరు పాటి. ఆ దెబ్బే కావాలంటే ఎలక్ట్రోస్టాటిక్ నీకు నప్పదు, ఇక్కడే వదిలెయ్. నిష్ఠూరం కాదు, చాలామందికి నప్పదు.

అయితే తీర్పు చెప్పే ముందు ఒక పరీక్ష ఉంది. ఈసారి విన్నప్పుడు మంచి మృదంగం ఉన్న కచేరీ పెట్టు. రెండు కప్పుల్నీ అరచేతులతో మెల్లిగా తల వైపు అదుము. ఎడమవైపు మూతని చేత్తో నొక్కి జారుస్తూ తీసే గుమ్‌కీ ఒక్కసారిగా నిండుగా వినపడిందంటే నీ సమస్య హెడ్‌ఫోన్‌ది కాదు, సీల్‌ది. ఎల్300 లాంటి లాంబ్డా ఆకారపు సెట్లలో ప్యాడ్‌కీ దవడకీ మధ్య కాస్త సందు దొరికినా బాస్ జారిపోతుంది. నువ్వు కళ్ళజోడు పెట్టుకుంటానన్నావు కదా, ఆ కాడ ప్యాడ్‌ని ఎత్తి పట్టేస్తుంది. జోడు తీసి విను. అలా అదిమేటప్పుడు లోపల "పర్ర్" మని చిన్న చప్పుడు రావచ్చు. గాలి ఒత్తిడికి పొర వెళ్ళి పక్కనున్న పలకకి తగులుతుంది, అంతే. చెయ్యి తీసేశాక ఆగిపోతే భయం లేదు. గట్టిగా టపీమని మాత్రం కొట్టొద్దు.

ఆ పొర గురించి రెండు మాటలు చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మామూలు హెడ్‌ఫోన్‌లో తీగచుట్ట ఒకటి కోన్‌ని ఒకచోట పట్టుకుని ముందుకీ వెనక్కీ తోస్తుంది. ఇక్కడ తీగచుట్టా లేదు, అయస్కాంతమూ లేదు. ఒకటి రెండు మైక్రాన్ల మందం ప్లాస్టిక్ పొర, దాని మీద విద్యుదావేశం నిలిపే పూత. దానికి రెండువైపులా చిల్లులున్న లోహపు పలకలు, వాటిని స్టేటర్లంటారు. పొర మీద ఎప్పుడూ 580 వోల్టుల డీసీ ఉంటుంది. ఆంప్ పాటని వందల వోల్టులకి పెంచి పలకలకి ఇస్తుంది. ఒక పలక లాగుతుంటే రెండోది తోస్తుంది. పొర మొత్తం ఒకేసారి కదులుతుంది, అదీ అసలు సంగతి. కోన్ మధ్యలో ఒకలా, అంచుల్లో ఇంకోలా ఊగే బెడద ఇక్కడ బాగా తక్కువ. ఫోనులో గుచ్చితే పలకనిది కూడా ఇందుకే. దానికంటూ ఆంప్ ఉండాల్సిందే. ఇదేదో కొత్త విద్య అనుకునేవు. ఇంగ్లండులో క్వాడ్ కంపెనీ ఇదే పద్ధతిలో స్పీకరు 1957లో అమ్మింది, స్టాక్స్ తొలి హెడ్‌ఫోన్ 1960 నాటిది.

ఇక వాల్యూమ్. దీన్ని ఎవరూ పట్టించుకోరు, మొదటిసారి వినేటప్పుడు మాత్రం అన్నిటికంటే ముందు మోసం చేసేది ఇదే. రెండు సెట్లలో కాస్త గట్టిగా మోగేదే మనకి మేలుగా అనిపిస్తుంది. తక్కువలో వింటే మన చెవికి బాస్ ఇంకా తక్కువ వినపడుతుంది. ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించిన విషయం ఇది. మీ స్నేహితుడు పక్కన ఎవరో పడుకున్నారని మెల్లిగా పెట్టాడన్నావు. మరి బాస్ ఎక్కడినుంచి వస్తుంది? దీనికి రెండో వైపు ఇంకా ప్రమాదం. సామాన్యంగా పాట గట్టిదైనకొద్దీ గరగర మొదలై మన చెయ్యే నాబ్ తగ్గిస్తుంది. వీటిల్లో ఆ గరగర రాదు. పెంచుతూ పోతాం, తెలీదు. 85 డెసిబెల్స్ దగ్గర ఎనిమిది గంటలు దాటొద్దని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెబుతుంది. పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ టైము సగం అవుతుంది. అంటే 94 దగ్గర గంట. ఎల్300కి 100 వోల్టులిస్తే 101 డెసిబెల్స్ వస్తుంది, నువ్వు విన్న ఆ చిన్న ఆంప్ 280 దాకా ఇవ్వగలదు. లెక్క వేస్తే 110 దగ్గర తేలుతుంది. "చిన్న ఆంప్‌తో పలకదు, వాల్వు ఆంప్ కొను" అని నీకు సలహా ఇచ్చినాయనకి ఈ లెక్క చూపించు. పెద్ద ఆంప్‌కి లాభం లేదనను, బాగా గట్టిగా వినేవాళ్ళకి బాస్‌లో పట్టు వస్తుంది. మొదటి రోజు అడగాల్సిన ప్రశ్న మాత్రం కాదది.

పాత పాటల విషయంలో నిన్ను ఓదార్చలేను. ఘంటసాల గారి కాలం పాటలు మోనో. ఆ టేపు బుసా, స్టూడియో కరెంటు హమ్మూ అన్నీ అందులోనే ఉన్నాయి. దానిమీద ఎవరో 128 కేబీపీఎస్ ఎంపీ3 చేసి, ఇంకెవరో దానికి ఎకో తగిలించి ఎక్కిస్తే మనం వింటున్నాం. నీ పాత హెడ్‌ఫోన్ వాటిని దాచింది, ఇది దాచదు. తాళాలు నీళ్ళల్లో మోగుతున్నట్టుంటే అది ఎంపీ3 పని. మంచి సీడీ నుంచి తీసిన ప్రతి దొరికితే మాత్రం ఇదే సెట్టు మీద పాత పాట వేరే సంగతి. మన నెల్లూరు బాలు గారు చరణం ఎత్తుకునే ముందు ఊపిరి తీసుకోవడం, ఆ ఊపిరిలోనే నవ్వు మొదలవడం వినపడుతుంది. నాకు దీని మీద మోజు తగ్గకపోవడానికి అలాంటివే కారణం.

అసలు పరీక్ష అంటే నాదస్వరం. మన కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా గారి కచేరీ రికార్డింగు ఏదైనా సంపాదించు. కరవది ఒంగోలుకి కూతవేటు దూరం, ఆయనకి 1998లో సంగీత కళానిధి ఇచ్చారు, అయినా మన కుర్రాళ్ళు ఆయన్ని వినరు, అదో బాధ. నాదస్వరాన్ని మామూలు హెడ్‌ఫోన్‌లో గట్టిగా వింటే చెవిలో సూది గుచ్చినట్టుంటుంది, మన పెళ్ళిపందిళ్ళ మైకుల్లో అయితే చెప్పక్కర్లేదు. మంచి ఎలక్ట్రోస్టాటిక్‌లో స్వరం పుట్టక ముందు వాద్యం పీకలో గాలి జొరబడే చిన్న సవ్వడి విడిగా తెలుస్తుంది, ఆ తర్వాత స్వరం విచ్చుకుంటుంది. గమకంలో రెండు స్వరాల మధ్య జారుడు ఎక్కడా తెగదు. డోలు మీద కర్ర దెబ్బ ఒక పక్క, తొడుగులున్న వేళ్ళ దెబ్బ ఇంకో పక్క, రెండూ కలిసి ముద్దగా కాకుండా దేనికదే ఆగుతుంది. ఆ ఆగడం గమనించు, మొదలవడం కాదు. మొదటిసారి వినేవాళ్ళంతా "ఎంత స్పష్టంగా మొదలవుతోందో" అంటారు. దెబ్బ పడ్డాక శబ్దం ఎంత శుభ్రంగా చచ్చిపోతుందో చూస్తే తేడా పట్టుకుంటావు. వయొలిన్‌లో అయితే కమాను తిరగేసే చోట విను. ఈ పరీక్షలో నీకు తేడా ఏమీ తెలీకపోతే సంతోషించు, బోలెడు డబ్బు మిగిలింది.

ఒక్క విషయం. ఇది వెనక తెరిచి ఉండే సెట్టు. బయటి సౌండు ఏదీ ఆగదు. మే నెలలో మన ఒంగోలు, కావలి ఎండలకి ఫ్యాను ఆపి కూర్చోగలవా? తలమీద ఫ్యాను ఐదులో తిరుగుతుంటే నేను పైన చెప్పిన ఊపిరీ, పీకలో గాలీ అన్నీ ఆ హోరులో కలిసిపోతాయి. మద్రాసులో ఏసీ గదిలో విన్నావు, ఇంట్లో అంతే వినపడుతుందనుకోకు. నువ్వు వినేది ఇంట్లోవాళ్ళందరికీ వినపడుతుంది కూడా.

ఎడమ చెవి సంగతి జాగ్రత్తగా చూడాలి, ఎందుకంటే ఈ జాతికి వచ్చే రోగమే అది. మళ్ళీ వెళ్ళినప్పుడు హెడ్‌ఫోన్‌ని తిరగేసి పెట్టుకో, ఎడమది కుడికి. ఇంకా నీ ఎడమ చెవిలోనే తగ్గితే అది నీ చెవి, డాక్టర్ని కలిసి గులిమి తీయించుకో. తగ్గుదల కుడి చెవికి మారితే సెట్టులోనో ఆంప్‌లోనో పాట ఇచ్చే పరికరంలోనో ఉంది. అప్పుడు ఆంప్ వెనక ఎరుపు తెలుపు పిన్నుల్ని అటుదిటు మార్చు. తగ్గుదల రెండో కప్పులోకి వెళ్ళిపోతే పరికరం లేదా వైరు. అదే కప్పులో ఉండిపోతే ఆంప్ గానీ హెడ్‌ఫోన్ గానీ, ఇంకో ఆంప్ మీద పెట్టి తేల్చుకోవాలి. "మొదట బాగుంది, అరగంటకి తగ్గింది" అన్నావు చూడు, ఆ లక్షణం నన్నడిగితే తేమ. పొర మీద ఆవేశం ఉండాలి, అది తడిగాలిలో పొర అంచుల గుండా మెల్లిగా కారిపోతుంది. కారిన వైపు మెల్లమెల్లగా డల్ అవుతుంది, ఒక్కోసారి సన్నటి కూత కూడా వస్తుంది. మామూలు మనిషి చెవి తప్పు అనుకుంటాడు. ఏసీ గదిలో ఆన్ చేసి కొన్ని గంటలు వదిలేస్తే చాలాసార్లు మళ్ళీ సమానం అవుతుంది. కాకపోతే పొర మీద దుమ్మో, పూత పోవడమో. అది ఇక్కడ మనం చేసే పని కాదు.

దీన్నిబట్టి కావలిలో ఎలాగో నీకే తెలిసిపోవాలి. మనకి వానలు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనే. తుపాను పట్టిందంటే వారం రోజులు గోడలే చెమర్చుతాయి. నేను ఏం చేస్తానంటే, గాలి చొరని మూత డబ్బాలో సిలికాజెల్ పొట్లాలు వేసి అందులో పెడతాను. పొట్లాలు రంగు మారితే వేడిచేసి మళ్ళీ వాడతాను. కెమెరా లెన్సులు దాచే పెట్టె ఉంటే ఇంకా మంచిది. వాన రోజున తీసి వెంటనే వినను, ఆన్ చేసి కాసేపు ఉంచుతాను. ఇంతకంటే పెద్ద శత్రువులు మన ఇళ్ళల్లోనే ఉన్నాయి, ఎవరూ చెప్పరు. తలనూనె ఒకటి, పౌడరు రెండు. స్నానం చేసి మెడకీ మొహానికీ పౌడరు కొట్టుకుని కూర్చుంటాం. ఆవేశం ఉన్న పొర ఆ సన్నటి పొడిని తన వైపు లాగుతుంది. దాని ముందు రక్షణకి ఇంకో పల్చటి పొర ఉంటుంది కాబట్టి వెంటనే ఏమీ కాదు, కానీ పాత సెట్లు విప్పి చూసినవాడికి ఆ తెల్లటి పూత తెలుసు. నూనె వల్ల ప్యాడ్లు పాడవుతాయి. తడి తలతో పెట్టుకోవడం సరేసరి. మా ఇంట్లో దీన్ని ముట్టుకోవాలంటే తల ఆరాలి, పౌడరు ఉండకూడదు. మా ఆవిడ దాన్ని మడి హెడ్‌ఫోన్ అంటుంది.

షాక్ గురించి. 580 వోల్టులు నిజమే. అయితే పొరకి ఆ వోల్టులిచ్చే దారిలో మెగా ఓముల రెసిస్టరు ఉంటుంది, దాన్లోంచి వచ్చే కరెంటు దాదాపు లేనట్టే. పైగా మన చర్మానికీ లోహపు పలకకీ మధ్య ప్యాడ్, గుడ్డ, రక్షణ పొర ఉన్నాయి. బాగున్న సెట్టు తలకి పెట్టుకుంటే ఏమీ కాదు, ఎంతోమంది పెట్టుకుంటున్నారు. భయపడాల్సింది ఆంప్‌కి. పాటని మోసే వందల వోల్టులకి ఆ అడ్డు లేదు. ఆంప్ మూత విప్పొద్దు, కరెంటు తీసేశాక కూడా కెపాసిటర్లలో చార్జి నిలిచే ఉంటుంది. సాకెట్‌లో పిన్నీసులు పెట్టే వయసు పిల్లలుంటే అందనిచోట పెట్టు. వైరు తెగిన సెట్టుకి టేపు చుట్టి వాడొద్దు.

కరెంటు విషయంలో ఇంకా జాగ్రత్త. జపాన్‌లో ఇళ్ళకొచ్చేది 100 వోల్టులు, మనకి 230. అక్కడి పెద్ద ఆంప్ తెచ్చి మన సాకెట్‌లో నేరుగా గుచ్చితే పొగ రావడానికి నిమిషం పట్టదు. బజార్లో దొరికే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్లు ఎక్కువగా అమెరికా సామాన్ల కోసం 110 వోల్టులవి. మన కరెంటు 240 ఉన్న రాత్రి అది 115 దాకా ఇస్తుంది, జపాన్ ఆంప్‌కి అది ఎక్కువ, వేడెక్కుతుంది. 100కి చుట్టించుకో. మోటార్లూ స్టెబిలైజర్లూ వైండింగ్ చేసేవాళ్ళు చుట్టిస్తారు, కావాల్సింది ఎంతో స్పష్టంగా రాసివ్వు. నువ్వు విన్న 252ఎస్‌కి ఈ గొడవ లేదు, అది 12 వోల్టుల డీసీ అడాప్టరు మీద నడుస్తుంది. జపాన్ అడాప్టరు అక్కడే వదిలేసి ఇక్కడ మంచి రెగ్యులేటెడ్ 12 వోల్టులది కొనుక్కో. ప్లస్ మైనస్ గుర్తు ఆంప్ మీద చూసి సరిపోల్చాకే గుచ్చు. కరెంటు పోయినప్పుడు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద వింటే వెనక బుర్రుమంటుంది, అది సెట్టు లోపం కాదు. 12 వోల్టుల బ్యాటరీ నుంచి నేరుగా ఇస్తే నిశ్శబ్దంగా ఉంటుంది గానీ, చార్జింగులో ఉన్న బ్యాటరీకి మాత్రం తగిలించకు, అది 14 దాకా ఎక్కుతుంది.

కొనాలా అంటే నా అభిప్రాయం ఇదీ. నువ్వు వినేది ఎక్కువ కొత్త సినిమా పాటలు, అదీ ఫ్యాను కింద అయితే వద్దు. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 లాంటి మామూలు తెరిచిన హెడ్‌ఫోన్ తీసుకో, 1997 నుంచి అమ్ముతున్నారు, విడిభాగాలు దొరుకుతాయి, తుపానుకి జడవదు. కచేరీలు, వీణ, వయొలిన్, నాదస్వరం వింటావు, రాత్రి పూట కూర్చోవడానికి ఏసీ గది ఉంది అంటే ఆ చిన్న సెట్టే తీసుకో, బాధపడవు. దానిపైన స్టాక్స్ వాళ్ళదే ఖరీదైన ఎస్‌ఆర్-009 అనీ, 1991లో 300 సెట్లే చేసిన సెన్‌హైజర్ ఆర్ఫియస్ అనీ చదువుతూ కూర్చుంటే నిద్ర పట్టదు. ఎల్300కీ వాటికీ తేడా ఉంది, కానీ నీ పాత హెడ్‌ఫోన్‌కీ ఎల్300కీ ఉన్నంత లేదు.

మద్రాసు మళ్ళీ వెళ్ళు, ఈసారి నీ సొంత హెడ్‌ఫోన్ కూడా పట్టుకెళ్ళు. స్టాక్స్ మీద ఓ గంట వినేసి, అదే పాటకి నీదాని మీదికి రా. ముందుకెళ్ళేటప్పుడు కంటే వెనక్కి వచ్చేటప్పుడు తేడా బాగా తెలుస్తుంది. సౌండు రెండింటికీ సమానం చేసుకోవడం మర్చిపోకు.

అంతా సరిపోయి మీ బావకి చెప్పేటట్టయితే, ప్లగ్గుకి పిన్నులు ఎన్నో లెక్కపెట్టమను. ఐదు ఉంటే 580 వోల్టుల ప్రో రకం, మనకి కావాల్సింది అదే. ఆరు ఉంటే పాత 230 వోల్టుల రకం, అది ప్రో సాకెట్‌లోకి దూరదు, దూర్చే ప్రయత్నం కూడా చెయ్యొద్దు. ప్యాడ్ల లోపలి నురుగు వేలితో ముట్టుకుంటే పొడిగా రాలుతోందేమో చూడమను, పాత లాంబ్డాల్లో అది రాలి పొర వైపే పోతుంది. తలపట్టీ ప్లాస్టిక్ మీద బీటలు ఉన్నాయేమో చూడాలి. కొట్లోనే ఆన్ చేసి కనీసం అరగంట వినమను, రెండు వైపులా చివరిదాకా సమానంగా ఉండాలి. ఆంప్ వెనక వోల్టులు రాసిన స్టిక్కరు ఫోటో తీసి ఇక్కడ పెట్టు, ట్రాన్స్‌ఫార్మర్ కావాలో అడాప్టరు చాలో చూసి చెబుతా.